పలచన సూత్రం

ఫిబ్రవరి 3, సోమవారం

పేపరు అచ్చుకి ఒప్పుకున్నారు. గ్రాముకి 1,146 ఫారడ్లు. ఇంకోసారి రాసుకుంటాను, ఎవరూ చూడరు కదా. 1,146.

ల్యాబ్ నోట్‌బుక్‌లో సంతోషం రాయడానికి గడి లేదు. అందుకే ఈ పుస్తకం కొన్నాను. ఏడేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్న మనిషి ఒక్కరోజు సంతోషించడానికి నలభై పేజీల పుస్తకం ఎక్కువే, కానీ ఇంతకంటే చిన్నవి దొరకలేదు.

ఇంటికి రాగానే అక్క మెడ కావలించుకుని చెప్పాను. అక్క లెక్కల టీచరు. పదో తరగతి పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్ర పెన్ను పక్కన పెట్టకుండానే, "అర్థమయ్యేలా చెప్పు" అంది. మా పొడి పేరు పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి కాబట్టి ల్యాబులో అందరం దాన్ని జల్లెడ అంటాం. కర్బన అణువులతో అల్లిన వల, ఒళ్లంతా బెజ్జాలే. చెంచాడు పొడిలో ఉన్న బెజ్జాల గోడలన్నీ విప్పి పరిస్తే ఆటస్థలం నిండుతుంది. ఆ గోడలకి కరెంటు వచ్చి అంటుకుంటుంది; గ్రాము పొడి ఎంత పట్టి ఉంచుతుందో ఫారడ్లలో లెక్క. నికెల్ ఫోమ్ అని లోహపు స్పాంజి ఉంటుంది, దాని ముక్క మీద జల్లెడని పూసి ద్రావణంలో ముంచితే, మామూలు బ్యాటరీ గంటసేపు తాగేదాన్ని ఇది నిమిషంలో తాగేస్తుంది.

అసలు గొప్ప అది కాదు. పూత పలచనయ్యే కొద్దీ పని పెరుగుతోంది. నాలుగు మిల్లీగ్రాములు పూస్తే 347, రెండు పూస్తే 613, ఒకటి పూస్తే 1,146. గురువుగారు దీనికి 'పలచన సూత్రం' అని పేరు కూడా పెట్టారు.

అక్క కాసేపు ఆలోచించి, "అయితే అసలు పూయకపోతే ఇంకా బ్రహ్మాండంగా ఉంటుందన్నమాట" అంది.

నవ్వాపుకోలేకపోయాను. పదో తరగతికి చెప్పుకునేవాళ్లతో ఇలాంటివి మాట్లాడకూడదు.

ఫిబ్రవరి 4

1,146.

ఫిబ్రవరి 9, ఆదివారం

జూన్‌లో థీసిస్ ఇస్తే జూలైలో ఉద్యోగం. కాలేజీవాళ్ల ఉత్తరం అద్దం పక్కన అంటించాను. 'డిగ్రీ చేతికి వచ్చాకే అన్న షరతు మీద' అన్న వాక్యం అద్దం చట్రం కిందికి పోయింది. కావాలని కాదు, కాగితం పెద్దది.

బావ నన్ను ఏడేళ్లుగా 'డాక్టరమ్మా' అనే పిలుస్తున్నాడు. మొదటి ఏడాది సరదాగా ఉండేది, మూడో ఏడాదికి ఒళ్లు మండేది, అయిదో ఏడాదికి అలవాటైపోయింది. ఈ జూన్‌తో నిజమవుతుంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని అక్క వెక్కిరించేది. ఇక ఆ మాట అననివ్వను.

ఫిబ్రవరి 17, సోమవారం

ఒక ఉత్తరం వచ్చింది. వేరే దేశంలో ఎవరో ప్రొఫెసరు, ఆవిడ పేరు ఎప్పుడూ వినలేదు. నాలుగే వాక్యాలు: 'మీరు నెట్‌లో ముందే పెట్టిన పేపరు చదివి ఆనందించాం. మీరు రాసినట్టే పొడి తయారుచేసి, ఫోమ్‌కి బదులు కర్బన పోగులతో చేసిన కార్బన్ పేపరు మీద పూసి చూశాం. 84 వచ్చింది. ఏమీ పూయని ఖాళీ ఫోమ్ మీద మీకెంత వచ్చిందో చెప్పగలరా?'

ఎనభై నాలుగు! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పొడి చెయ్యడం చేతకాక మా ఫోమ్ మీద పడ్డారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకాన్ని కాదు నేను. హాయిగా ఉన్నాను. ఆ ఉత్తరం పదకొండుసార్లు చదివాను, భాష బాగుందని.

ఫిబ్రవరి 18

గురువుగారు చదివి, "నామమాత్రం అని రాసెయ్యమ్మా" అన్నారు.

"కొలిచి రాద్దాం సార్. అరగంట పనే."

"సైన్సులో అడిగినవన్నీ చెప్పుకుంటూ పోతే మన పని మనం ఎప్పుడు చేస్తాం?" అన్నారు. ఆయన వచ్చే ఏడాది రిటైరవుతున్నారు. వీడ్కోలు ఉపన్యాసానికి పలచన సూత్రం మీద బొమ్మలు అప్పుడే గీయించుకున్నారు.

అయినా ఖాళీ ఫోమ్ మూడేళ్ల క్రితం చూసినట్టే గుర్తు. తక్కువే వచ్చింది. చాలా తక్కువ. రేపు ఇంకోసారి చూసి పంపేస్తాను.

ఫిబ్రవరి 19

మిషను ఖాళీ లేదు. రేపు.

ఫిబ్రవరి 24

ఫోమ్ అయిపోయింది. (బీరువాలో పైఅరలో కొత్త షీటు ఉంది. కానీ అది కొత్తది, పోల్చి చూడటానికి పనికిరాదేమో.)

ఫిబ్రవరి 27, గురువారం

దేవుడనేవాడు ఉన్నాడు!

ల్యాబులో నా జూనియర్ ఒకమ్మాయి ఉంది, రెండో ఏడాది. ఒక్క క్షణం కుదురుగా నిలబడదు కాబట్టి ఉడత అంటాం. జల్లెడ పని తనకి అప్పగిస్తూ పోయిన వారం యాభై మిల్లీగ్రాముల పొడి సీసాలో పోసి ఇచ్చాను. మొత్తం తనే చేసింది. పొడి, బొగ్గుపొడి, జిగురు కలిపి నూరింది, ఫోమ్ కత్తిరించింది, పూసింది, కొలిచింది. నేను వేలు కూడా పెట్టలేదు. 1,152! నాకంటే ఆరు ఎక్కువ.

గురువుగారు టీ, బిస్కెట్లు తెప్పించారు. ఆయన బిస్కెట్లు తెప్పించడం ల్యాబు చరిత్రలో రెండోసారి.

"అక్కా, నా మొదటి రీడింగే ఇంత వస్తుందనుకోలేదు. మా అమ్మకి ఫొటో పంపించా. ఫోన్ తెర మీద పెట్టుకుంది" అంది ఉడత. ఏ కొండ ఎక్కిందో తెలియకపోయినా కూతురు ఎక్కిందని ఆవిడకి తెలుసు.

ఆ ప్రొఫెసరుకి జవాబు పంపేశాం. 'వేరే వ్యక్తి స్వతంత్రంగా చేసినా 1,152 వచ్చింది.' ఇక ఆవిడ నోరు మూతపడాలి.

మార్చి 1

'చాలా సంతోషం. ఖాళీ ఫోమ్ మీద?'

అంతే రాసింది. మర్యాద లేని మనిషి.

మార్చి 4, మంగళవారం

తేమ తగలకుండా పొడులు దాచే గాజుపెట్టె సర్దుతుంటే ఉడతకి ఇచ్చిన సీసా కనిపించింది. మూత చుట్టూ నేను వేసిన టేపు అలాగే ఉంది. టేపు మీద అడ్డంగా నేను పెట్టిన సంతకం అలాగే ఉంది. ఎక్కడా చిరగలేదు.

మూడుసార్లు తూచాను. సీసా బరువు పోను యాభై మిల్లీగ్రాములు. ఒక్క నలుసు తగ్గలేదు.

ఉడత పొడి కలపడం మర్చిపోయింది. బొగ్గుపొడి కలిపింది, జిగురు కలిపింది, అసలుది కలపలేదు. బొగ్గుపొడి పడ్డాక అన్నీ నల్లగానే ఉంటాయి, ఎవరికి తెలుస్తుంది? ఏమీ లేని పూతకి 1,152 వచ్చింది.

సీసా మళ్లీ లోపల పెట్టేశాను. వెనక వరసలో.

మార్చి 4, అదే రోజు

రెండు సీసాలు ఇచ్చానేమో. ఇచ్చే ఉంటాను.

మార్చి 5

రెండు సీసాలు ఇవ్వలేదు.

మార్చి 6, గురువారం

గురువుగారికి చెప్పాను. ఆయన ముందు కళ్లజోడు తీశారు, తర్వాత తుడిచారు, తర్వాత పెట్టుకోకుండా జేబులో వేసుకున్నారు.

"ఇంకెవరికైనా తెలుసా?"

"లేదు సార్."

"ఆ అమ్మాయికి?"

"లేదు సార్."

కాసేపటికి ఆయన ముఖం వికసించింది. "ఇదేనమ్మా మనకి జవాబు! మా విద్యార్థిని ఒకామె పూసిన ముక్కలు, ఖాళీ ముక్కలు కలిపేసింది, ఖాళీ ఫోమ్ లెక్కలు కూడా అందులోనే పాడయ్యాయి, మళ్లీ మొదలుపెడుతున్నాం, ఆరు నెలలు పడుతుంది. అని రాద్దాం. ఆరు నెలల్లో నీ డిగ్రీ వచ్చేస్తుంది. ఆవిడకీ వేరే పనులు ఉంటాయి."

"మరి ఉడత సార్? వచ్చే నెల దాని సమీక్ష. ఈ మాట ఫైల్లోకి వెళ్తే ఫెలోషిప్ ఆపేస్తారు."

"పొరపాటు చేసిందా, లేదా?"

చేసింది. అది నిజమే. అబద్ధం రాయమని ఆయనేమీ అనలేదు. ఉడత చిన్నది, ఇరవై నాలుగు. ఇంకో ల్యాబు చూసుకుంటుంది. నాకు ముప్పై మూడు, నాకు ఇంకో ల్యాబు లేదు, ఇంకో ఏడేళ్లు లేవు.

మార్చి 9, ఆదివారం

ఇంట్లో ఉండబుద్ధి కాక బావ దుకాణానికి వెళ్లాను. ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మడం, బాగుచెయ్యడం. ఆదివారం కూడా తెరుస్తాడు. పైచదువులు చదివింది నేను, బ్యాటరీలు పనిచేయించేది ఆయన. అక్క ఈ మాట వారానికోసారైనా అంటుంది.

ఒకాయన బ్యాటరీ తెచ్చి బల్లమీద పెట్టి, తొందరగా చూడమని ప్రాణం తీస్తున్నాడు. బావ నిదానంగా మీటరు తీశాడు. దాని ఎర్ర తీగ కొస, నల్ల తీగ కొస ఒకదానికొకటి ఆనించి ముల్లు వైపు చూశాడు. బ్యాటరీని ఇంకా ముట్టుకోలేదు.

"అదేమిటయ్యా, బ్యాటరీ ఇక్కడుంటే?" అన్నాడు వచ్చినాయన.

"ముందు వీడి సంగతి చూడాలండీ" అని బావ మీటరు మీద తట్టాడు. "ఏమీ లేనప్పుడు వీడు ఎంత చెబుతున్నాడో తెలియకపోతే, ఉన్నప్పుడు చెప్పింది ఎలా నమ్ముతాం? చూడండి, సున్నా దగ్గర ఉండాల్సినవాడు మూడు గీతలు పైనున్నాడు. ఇవాళ మూడు గీతల అబద్ధం. అది తీసేసి చదువుకుంటా."

"ప్రతిసారీ చూస్తారా బావా?" అన్నాను.

"ప్రతిసారీ. ఇరవై ఏళ్ల మీటరైనా సరే, నిన్న కొన్నదైనా సరే." అని నా వైపు తిరిగి, "మీ ల్యాబులో ఇంకా పెద్దపెద్ద ఏర్పాట్లు ఉంటాయి కదా డాక్టరమ్మా" అన్నాడు.

ఉంటాయి అన్నాను. టీ తాగకుండా వచ్చేశాను.

మార్చి 10, సోమవారం

ఉత్తరం చిత్తుప్రతి రాశాను. 'మా విద్యార్థిని ఒకరి అజాగ్రత్త వల్ల...' చాలా మర్యాదగా కుదిరింది. 'అజాగ్రత్త' తీసి 'అనుభవలేమి' అని పెట్టాను. తర్వాత మళ్లీ 'అజాగ్రత్త' పెట్టాను.

ఉడత వెనకనుంచి వచ్చి, "అక్కా, సమీక్షలో నా మొదటి బొమ్మగా 1,152 పెట్టనా, నీ 1,146 పెట్టనా? నీది పెడితేనే బాగుంటుంది, నేర్పింది నువ్వే కదా" అంది. తెర మూసేశాను. తల నొప్పిగా ఉంది, తర్వాత చూద్దాం అన్నాను. నన్ను నేను తన్నుకోవాలనిపించింది.

మార్చి 12, బుధవారం

పొద్దున్న ఎవరూ రాకముందే వెళ్లి కొత్త షీటు నుంచి ముక్క కత్తిరించాను. కడిగాను. ఏమీ పూయలేదు. ద్రావణంలో ముంచి మీట నొక్కాను.

లెక్క కట్టేటప్పుడు అసలు చిక్కు తెలిసింది. వచ్చినదాన్ని పొడి బరువుతో భాగించాలి. పొడే లేదు. దేంతో భాగించాలి? ఒక మిల్లీగ్రాము ఉందని అనుకున్నాను. మూడేళ్లుగా చేస్తున్నది ఇంచుమించు అదే.

1,065.

1,146 లోంచి అది తీసేస్తే 81. అంతా ఫోమే చేస్తోంది. జల్లెడ దాని భుజమెక్కి ఊరేగుతోంది. పొడి ఎంత తక్కువ పూస్తే ఫోమ్ చేసిన పనిని అంత చిన్న బరువుతో భాగిస్తాం, అంకె అంత పెద్దదవుతుంది. ఇదీ పలచన సూత్రం. అసలు పూయకపోతే బ్రహ్మాండంగా ఉంటుందని అక్క ఎర్ర పెన్ను పట్టుకునే చెప్పింది. ఉడతకి ఆరు ఎక్కువ ఎందుకొచ్చిందో కూడా తెలిసింది. ముక్క కాస్త పెద్దగా కత్తిరించింది.

మార్చి 13, గురువారం

కడగడంలో ఏదో తేడా జరిగి ఉంటుందనే ఆశ ఇంకా చావలేదు. అప్పట్లో ఫోమ్ ఎలా కడిగానో చూద్దామని మూడేళ్ల నాటి ల్యాబ్ నోట్‌బుక్ తీశాను. సూది కోసం సోదికి వెళ్తే పాత బాగోతాలు బయటపడ్డట్టయింది.

మొదటి నెల. పద్నాలుగో పేజీ. నా దస్తూరి.

'ఖాళీ ఫోమ్: 1 మి.గ్రా. అనుకుంటే 1,058. ఇంత రాకూడదు. సరిగ్గా కడగలేదేమో. రేపు మళ్లీ చూడాలి.'

మర్నాటి పేజీలో ఖాళీ ఫోమ్ లేదు. జల్లెడ మొదటి రీడింగు ఉంది. 1,139. పక్కన రెండు చుక్కలు పెట్టి, చుట్టూ సున్నా చుట్టి, కిరణాలు గీశాను. నవ్వుతున్న సూర్యుడు.

నాకు తెలుసు. చాలా తక్కువ వచ్చిందని ఫిబ్రవరిలో ఇదే పుస్తకంలో రాసుకున్నాను, ఎవరూ చూడని పుస్తకంలో. ఉడత పొడి మర్చిపోయింది. నేను మర్చిపోయింది పొడి కాదు.

చాలాసేపు ఏడ్చాను. ఉద్యోగం కోసం కొంత, ఆ సూర్యుడి బొమ్మ కోసం ఎక్కువ.

మార్చి 14, శుక్రవారం

ముందు ఉడతకి చెప్పాను. సీసా చూపించాను, పద్నాలుగో పేజీ చూపించాను, సోమవారం రాసిన చిత్తుప్రతి కూడా చూపించాను. చివరిది చూపించడమే కష్టమైంది.

ఉడత కుదురుగా కూర్చోవడం అదే మొదటిసారి చూశాను.

"నా పేరు రాసేదానివా అక్కా?"

"రాసేదాన్ని. రాశాను. పంపలేదు."

సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూసింది. "అంటే ఏమీ కలపకుండానే నీకంటే ఆరు ఎక్కువ తెచ్చాను" అంది. నవ్విందో ఏడ్చిందో నాకు సరిగ్గా తెలియలేదు. "మా అమ్మకి ఏం చెప్పను? ఫోన్ తెర మీదుంది."

ఇద్దరం కూర్చుని రాశాం. 'ఖాళీ ఫోమ్ మీద 1,065. మూడేళ్ల క్రితం 1,058. ఆ రోజు నేను నమ్మలేదు, మళ్లీ చూడలేదు. తప్పు నాది. పేపరు వెనక్కి తీసుకోమని కోరుతున్నాను.' గురువుగారికి ప్రతి పెట్టాను. పంపు అన్న చోట వేలు పెట్టి చాలాసేపు ఆగితే, ఉడత "రేపు పంపుదామా?" అంది.

పంపేశాను.

మార్చి 28

గురువుగారు పద్నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఏదైనా చెప్పాలంటే ఎదురుగా ఉన్న నన్ను వదిలి గోడకి చెబుతున్నారు.

థీసిస్ ఏడాదిన్నర వెనక్కి. కాలేజీవాళ్లు చాలా గౌరవంగా రాశారు, ఆ చోటు వేరొకరికి ఇచ్చేశారట. అద్దం పక్కన ఉత్తరం తీసేశాను. చట్రం కింద దాక్కున్న వాక్యం ఒక్కటే చివరిదాకా మాట మీద నిలబడింది.

అక్క అన్నం పెట్టి పక్కన కూర్చుంది. ఆ సోమలింగం సామెతేదో అంటే బాగుండేది.

ఏప్రిల్ 7, సోమవారం

గురువుగారు ఇవాళ గోడకి కాక నాకే చెప్పారు. "ఖాళీ ఫోమ్‌తో ఎంతమంది మోసపోతున్నారో హెచ్చరిస్తూ ఒక పేపరు రాద్దామమ్మా. చాలా అవసరం. నాకు మొదటినుంచీ అనుమానంగానే ఉంది."

"ఎప్పటినుంచి సార్?"

"మొదటినుంచీ." కళ్లజోడు తుడుచుకున్నారు. వీడ్కోలు ఉపన్యాసం బొమ్మలు మళ్లీ గీయిస్తున్నారట. పలచన సూత్రం అన్న పేరు మాత్రం అలాగే ఉంచుతారట, కింద 'జాగ్రత్త' అని చేర్చి.

ఏప్రిల్ 10

ఉడత సమీక్ష అయింది. మొదటి బొమ్మ ఖాళీ ఫోమ్, దాని కింద 1,152, దాని కింద 'ఇందులో ఏమీ లేదు' అని. కమిటీలో ఒకాయన నవ్వారట, ఇంకొకాయన తన విద్యార్థికి ఫోన్ చెయ్యడానికి బయటికి వెళ్లారట. ఫెలోషిప్ కొనసాగుతుంది.

ఏప్రిల్ 16, బుధవారం

కార్బన్ పేపరు. ముందు ఖాళీది చూశాను. 3. రాసుకున్నాను. తర్వాత జల్లెడ పూసి చూశాను. 84.

ఆ ప్రొఫెసరుకి రాశాను. 'మాకూ 84.' పది నిమిషాల్లో జవాబు. 'చాలా సంతోషం.' ఈసారి రెండో వాక్యం లేదు.

మూడు తీసేస్తే 81. అంత బెజ్జాల జల్లెడలో ఎనభై ఒకటి నిజంగానే నిలిచాయి.

బావకి చెబితే, "ఎనభై ఒకటంటే ఫస్టుక్లాసే కదా డాక్టరమ్మా!" అన్నాడు. ఆ పిలుపు ఇంకో ఏడాదిన్నర ఆపుకోమన్నాను. ఏడేళ్లు ఆపుకోనివాడిని ఇప్పుడేం ఆపుకుంటాను అన్నాడు.

అక్క పేపర్లు దిద్దుతూనే అడిగింది. "నాలుగు మిల్లీగ్రాములు పూస్తే?"

"ఎనభై ఒకటి."

"రెండు పూస్తే?"

"ఎనభై ఒకటే."

"ఒకటి?"

"అంతే."

"మరి అసలు పూయకపోతే?"

"సున్నా."

అక్క ఎర్ర పెన్ను కింద పెట్టింది. "హమ్మయ్య, ఇప్పటికి అర్థమైందే" అంది.

నాకూ ఇప్పుడే.